మా అద్దాల బండి, చిన్నాయన బొగ్గుల కారు

బ్యాటరీ కారు ఆడవాళ్ళ బండి అని మా చిన్నాయన అనేవాడు. అవును, ఆడవాళ్ళ బండే. అయితే ఏమిటంట? ఆ రోజుల్లో పెట్రోలు కారును కదిలించాలంటే ముందుకు పోయి, ఇనప హ్యాండిల్ దూర్చి, భుజం బలమంతా పెట్టి తిప్పాలి. అది వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. చిన్నాయన కుడిచేయి రెండుసార్లు విరిగింది. విరిగిన చేతిని మెడకు వేలాడేసుకుని కూడా ఆయన మా బండిని చూసి నవ్వేవాడు. మా బండిలో కూర్చుని మీట ముందుకు తోస్తే చాలు, కదిలేది. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

మాది బళేపేటలో బ్యాటరీలకు కరెంటు ఎక్కించే అంగడి. రేడియో ఉన్న ఇళ్ళవాళ్ళు, మోటారు కార్లున్న సావుకార్లు తమ బ్యాటరీలను కూలివాళ్ళ నెత్తిన పెట్టి పంపేవారు. నాయన వాటిని బల్లమీద వరసగా పేర్చి, డైనమోకు తీగలు తగిలించి, నిండాక తిరిగి పంపేవాడు. అందులో సగం పని నాది. యాసిడ్ కలపడం, గాజు గొట్టంతో పీల్చి అది ఎంత చిక్కగా ఉందో చూడడం, తరిగినచోట ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు పోయడం అన్నీ నేనే చేసేదాన్ని. నా చీరల్లో చిల్లులు లేనిది ఒక్కటీ ఉండేది కాదు.

పెళ్ళయిన రెండో ఏడు మా ఆయన జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. హొసకోటెలో అత్తగారింట్లో ఆర్నెల్లుండి పుట్టింటికి వచ్చేశాను. మా వీధి నిండా గాజుల అంగళ్ళు. ఆ వీధిలో బోసి చేతులతో నడుస్తుంటే, పొద్దున్నే బేరానికి ఎదురొస్తున్నానని అంగడివాళ్ళు తల తిప్పుకునేవారు. నాకు మండిపోయేది. మా అంగడిలో యాసిడ్ వాసన మధ్య మాత్రం హాయిగా ఉండేది. బ్యాటరీలు ముఖం చూసి పని చేయవు.

ఇక బండి సంగతి. తెల్లవాళ్ళ సైన్యం ఉండే దండులో ఒక ముసలి దొరసాని ఉండేది. మొదటి యుద్ధానికి ముందే ఆమె ఓడలో తెప్పించుకున్న బ్యాటరీ కారు అది. చుట్టూ అద్దాలు, లోపల మఖమల్ సీట్లు, నడపడానికి చక్రం బదులు అడ్డంగా ఒక కడ్డీ. దాని బ్యాటరీలు చూడడానికి నాయన వారం వారం దండుకు పోయేవాడు, చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాడు. నాకు దాన్ని నడపడం నేర్పింది ఆ దొరసానే. తన దేశం వెళ్ళిపోతూ, కొనేవాళ్ళు ఎవరూ లేక, బండిని నాయనకే ఇచ్చేసింది. మేము దాన్ని అంగడి వెనక రేకుల కొట్టంలో పెట్టాం. వీధిలో అందరూ దాన్ని గాజుల బీరువా అనేవారు. నిజంగానే అలాగే ఉండేది.

రెండో యుద్ధం వచ్చింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. చిన్నాయనకు బాడుగకు తిప్పే కారు ఒకటుండేది. కూపన్లు చాలక, కారు వెనక మనిషెత్తు బొగ్గుల పొయ్యి బిగించుకున్నాడు. ఆ పొయ్యి రాజేసి, విసిరి విసిరి, ఇంజను నడిపే గ్యాసు పుట్టేసరికి అరగంట పట్టేది. ఎత్తు వస్తే మనుషులు దిగాలి. మధ్యలో బూడిద దులపాలి. బాడుగకు ఎక్కినవాళ్ళు తెల్లబట్టలతో ఎక్కి బొగ్గు మూటలు దింపినవాళ్ళలా దిగేవారు. అయినా ఆయన దృష్టిలో అది కారు, మాది బొమ్మ.

మా బండిలో లోపాలు లేవని నేననను. నిండా కరెంటు ఎక్కిస్తే ఇరవై అయిదు మైళ్ళు పోయేది, అది కూడా చల్లటి పొద్దున. తర్వాత ఒక రాత్రంతా తీగలకు కట్టేయాలి. ఎద్దులబండి కంటే వేగం, కారు కంటే నిదానం. నలభై బ్యాటరీ గళ్ళలో కొన్ని పాతబడి కారేవి. ఇవన్నీ నాకు చిన్నాయన కంటే బాగా తెలుసు, ఎందుకంటే వాటిని కడిగేది నేను. కానీ పేటలో ఎవరి పని మాత్రం ఇరవై అయిదు మైళ్ళ దూరంలో ఉంది? పెట్రోలు ఎక్కడో సముద్రాల అవతలి నుంచి రావాలి. మా బండి తాగే కరెంటు శివనసముద్రంలో కావేరి దూకే చోట పుట్టి తీగల మీద మా అంగడికి వచ్చేది. యుద్ధం దాన్ని ఆపలేకపోయింది.

మా అంగడి పక్కింట్లో నర్సమ్మ ఉండేది. ఇళ్ళకు వెళ్ళి కాన్పులు చేసే మనిషి, యాభై దాటిన వయసు, మోకాళ్ళ నొప్పులు. గుర్రాలకు గడ్డి కరువై జట్కాలు తగ్గిపోయాయి. ఒకరోజు ఆమె చామరాజపేటలో ఒక కాన్పుకు నడిచి వెళ్ళి, అప్పటికే పుట్టి చనిపోయిన బిడ్డను చూసి వచ్చి, మా అరుగుమీద కూర్చుని ఏడ్చింది. ఆ మర్నాడే నేను కొట్టం తలుపు తెరిచి బండిని బయటకు తీశాను.

సరిగ్గా ఆ నెలలోనే హొసకోటె నుంచి కబురు వచ్చింది. మా అత్తగారు మంచం పట్టింది, వంటకు మనిషి లేదు, నన్ను పంపమని. నా కోసం కాదు, నా చేతుల కోసం. నేను పోనన్నాను. సీసం ధర పెరిగిందని ఒక వ్యాపారి బండి బ్యాటరీల కోసం అప్పటికే మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. నాయన రెండు విషయాలనూ కలిపి ముడివేశాడు.

"దసరా దాకా చూస్తా అమ్మణ్ణీ. ఆ బండి నలుగురికి పనికొచ్చిందా, అదీ ఉంటాది, నువ్వూ ఉంటావు. దారిలో ఒక్కసారి నిలిచిపోయిందంటే మాత్రం సీసం ఆయన్ను పిలిపిస్తా. నువ్వు మీ బావ వెంట హొసకోటెకు పోవాల" అన్నాడు.

"సరే నాయనా" అన్నాను. బండి మీద నాకంత నమ్మకం.

నాలుగు నెలలు నర్సమ్మను తిప్పాను. చిక్కపేట సందుల్లో, బసవనగుడి ఎత్తుల్లో, దండులో వంటవాళ్ళ ఇళ్ళకు. ఒక్కసారీ నిలిచిపోలేదు. అద్దాల్లోంచి నా బోసి నుదురు చూసి జనం తల తిప్పుకునేవారు. తిప్పుకోనీ, దారి అడ్డం రాకుంటే చాలు అనుకునేదాన్ని. పిల్లలు మాత్రం వెంట పరిగెత్తేవారు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మా వీధిలో ఏ పనిముట్టూ కదలదు. తక్కెడ, సుత్తి, కత్తెర, కారు, జట్కా, అన్నీ కడిగి బొట్లు పెట్టి దేవుడి ముందున్నట్టు ఉంచుతారు. మర్నాడు విజయదశమికి మళ్ళీ పూజ చేసిన తర్వాతే ముట్టుకోవాలి. ఆ ముందురోజు నేను రెండిళ్ళకు బండి తిప్పి చీకటిపడే వేళకు వచ్చేసరికి నాయన డైనమో ఆపి, కడిగి, పసుపు రాసేశాడు. బండిలో కరెంటు సగమే మిగిలింది. ఇంకాస్త ముందు రావాల్సింది, తప్పు నాదే. పోనీలే, రేపు ఎవరు పిలుస్తారు అనుకున్నాను.

పొద్దున బండికి పూజ నేనే చేశాను. బొట్టు పెట్టుకోని దానివి నువ్వు బండికెట్లా పెడతావని అమ్మ అడ్డం వచ్చింది. దీన్ని కడిగే చేయి, తుడిచే చేయి నాది, పెట్టే చేయి ఇంకొకరిదా అన్నాను. తీగలన్నీ ఊడదీసి, అవి తగిలే ఇత్తడి బిళ్ళలు చింతపండుతో తోమి, గంధం, పసుపు రాసి, గళ్ళ మూతల మీద కుంకుమ బొట్లు పెట్టి, మళ్ళీ తీగలు బిగించాను. నలభై బొట్లు. పెట్టుకోవడానికి లేని కుంకుమను అంత తీరిగ్గా చేతపట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఎక్కడెక్కడ రాస్తున్నానో కూడా చూసుకోలేదు. బాగుంది, అంతే.

పది గంటలప్పుడు సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. కృష్ణరాజపురం దాటి ఇటుకల బట్టీలో పనిచేసే మనిషి. భార్యకు ముందు రోజు నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, ఊరి మంత్రసాని చేతులెత్తేసింది. మునుపు ఒకసారి ఆమెను చూసిన నర్సమ్మ కోసం పది మైళ్ళు తొక్కుకుంటూ వచ్చాడు. బస్సులన్నీ మామిడాకులు కట్టుకుని నిలబడి ఉన్నాయి. జట్కావాళ్ళూ అంతే. నర్సమ్మ సంచి తీసుకుని ముందు చిన్నాయన దగ్గరికే పోయింది, పది మైళ్ళంటే పెద్దకారే మేలని.

చిన్నాయన కారుకు కూపన్లు ఎప్పుడో అయిపోయాయి. పొయ్యిలో బూడిదంతా తీసి, లోపలా బయటా కడిగి, గుమ్మడికాయంత బొట్టు పెట్టి ఉంచాడు.

"ఈ పొద్దు పొయ్యి రాజేస్తే ఏడాదంతా కలిసిరాదమ్మా. రేపు తెల్లారినంక పూజ చేసి నేనే కొండబోతా" అన్నాడు.

"రేపటికి ఆ పిల్ల ఉండాలగదప్పా" అంది నర్సమ్మ.

ఆయన తుండు తీసి పొయ్యిని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేను కొట్టంలోకి పోయి బ్యాటరీల పెట్టె మూత ఎత్తాను. వెనకే అమ్మ వచ్చింది. పెట్టెలోకి చూసి గుండెమీద చేయి పెట్టుకుంది. ఎర్రగా పెట్టిన బొట్లలో ఏడెనిమిది పసుపుపచ్చగా మారిపోయి ఉన్నాయి.

"కుంకుమ పసుపయిపోయిండాది. యాడికీ పోవద్దుమే. అమ్మవారు వద్దంటా ఉండాది" అంది. చిన్నాయన కూడా వచ్చి చూసి, అందుకే చెప్తా ఉండా అన్నట్టు తలాడించాడు.

కుంకుమ అంటే పసుపు, సున్నమే. యాసిడ్ తగిలితే సున్నం విరిగి మళ్ళీ పసుపవుతుంది. కారే గళ్ళు ఏవో ఆ బొట్లే నాకు చూపించాయి, అంతకు మించి అందులో ఏ అమ్మవారూ లేదు. ఆ మాటే చెప్పాను. అమ్మ వినలేదు. కాన్పు ఇంటికి నువ్వు ఎదురుపోతే ఆ పిల్ల గతేమిటి అని అడిగింది, మెల్లగా, అందరి ముందూ. కన్నతల్లి నోట విన్న ఆ మాట ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో గుచ్చుకునే ఉంది.

"దాని గతి ఏందో పోయి చూసొస్తానుమా" అన్నాను.

నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎన్ని మైళ్ళకు కరెంటు ఉందో నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. పోవడానికి చాలుతుంది, రావడానికి చాలదు. మా మధ్య కుదిరిన మాట కూడా ఇద్దరికీ గుర్తుంది. అయినా ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. సైకిలాయన కబురు చెప్పడానికి ముందే తొక్కుకుంటూ పోయాడు, దారి తెలిసిన నర్సమ్మ ఎక్కి కూర్చుంది. మీట తోశాను. పొయ్యి లేదు, పొగ లేదు, హ్యాండిల్ లేదు. బండి అలా వీధిలోకి వచ్చేసింది.

అలసూరు దాటేదాకా పూలదండలు కట్టి నిలిపిన బళ్ళ మధ్య మా బండి ఒక్కటే కదులుతోంది. ఆ తర్వాత మద్రాసు రోడ్డు ఎత్తు మొదలైంది. బండి ఉన్నట్టుండి వణికి నెమ్మదించింది.

"ఎవరింట్లోనో పోపు మాడతా ఉండాది అమ్మణ్ణీ" అంది నర్సమ్మ.

అటూ ఇటూ రాగిచేలు తప్ప ఇల్లన్నది లేదు. దిగి మూత ఎత్తితే పొగ. నేను భక్తిగా రాసిన పసుపూ గంధమూ తీగకూ బిళ్ళకూ మధ్య గట్టిపడి, కరెంటు పోనివ్వకుండా అడ్డం కూర్చున్నాయి. అక్కడ వేడెక్కి మాడుతోంది. పనిముట్టుకు పూజ చేస్తూ పనిముట్టు నోరు నేనే కట్టేశాను. ఏడేళ్ళ పిల్లకు కూడా తెలుసు, బిళ్ళ శుభ్రంగా ఉండాలని. నర్సమ్మ సంచిలోంచి కత్తి తీసి ఇచ్చింది. ఒక్కొక్క తీగా విప్పి, గీకి, చీరకొంగుతో తుడిచి బిగించాను. వేళ్ళు కాలాయి. నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నర్సమ్మ రోడ్డు మీద నిలబడి నాకు నీడ పట్టింది.

మళ్ళీ కదిలాం. పన్నెండు దాటాక బట్టీ చేరాం. గుడిసె ముందు ఆ పిల్ల అత్త నిలబడి ఉంది. చేతులకూ ముఖానికీ ఎర్రమట్టి. నేను బండి దగ్గరే ఆగిపోయాను. నా నుదురు చూసి ఏమంటుందో అని, దారి పొడుగునా లేని భయం అక్కడ పట్టుకుంది. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఏంటికి నిలబడినావు? పొయ్యి కాడికి పో, నీళ్ళు కాగబెట్టు" అంది.

అంతే. వాళ్ళకు నా నుదుటితో పని లేదు. నీళ్ళు కాచాను, గుడ్డలు ఉడకబెట్టాను, నర్సమ్మ పిలిస్తే లోపలికి పోయి ఆ పిల్ల భుజాలు పట్టుకున్నాను. నర్సమ్మ రెండు గంటలు పాటుపడింది. ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు, తర్వాత ఏడ్చింది. తల్లి బతికింది. ఇంకో గంట ఆలస్యమయ్యుంటే ఇద్దర్లో ఒక్కరూ మిగిలేవారు కాదని నర్సమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది.

బయటికి వచ్చి మీట తోశాను. బండి పది బారలు పోయి నిలిచిపోయింది. ఆ చుట్టుపక్కల కరెంటు స్తంభం లేదు. అక్కడి నుంచి ఇంకో ఏడెనిమిది మైళ్ళు ముందుకు పోతే మా అత్తగారి ఊరు. నిలిచిపోవడానికి దీనికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అనుకుని నవ్వాను, తర్వాత ఆ మఖమల్ సీట్లో కూర్చుని ఏడ్చాను కూడా.

ఆ రాత్రి ఆ గుడిసెలోనే పడుకున్నాం. మర్నాడు విజయదశమి. బట్టీ యజమాని రెండెద్దులు ఇచ్చాడు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. మోకు కట్టి బండిని లాగించుకుంటూ పది మైళ్ళు వచ్చాం. పేటలోకి వచ్చేసరికి మధ్యాహ్నం. పండగపూట జనం అరుగుల మీదికి వచ్చి నవ్వారు. పెళ్ళికూతురు ఊరేగుతోందని ఎవరో కేక వేశారు. నేను తల దించలేదు. కడ్డీ పట్టుకుని నడిపిస్తున్నట్టే కూర్చున్నాను.

అంగడి ముందు నాయన, చిన్నాయన ఉన్నారు. లోపల బల్లమీద మా బావగారు, అంటే మా ఆయన అన్న, శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. దసరాకు తేలుస్తానని నాయన ముందే చెప్పి పంపినందున నన్ను తీసుకుపోవడానికి హొసకోటె నుంచి వచ్చాడు.

"పెట్రోలు కారు ఏ పొద్దయినా ఎద్దుల వెనకాల వచ్చిండాదా?" అన్నాడు చిన్నాయన.

"నీ కారు ఇంట్లో నుంచి కదలనే లేదు చిన్నాయనా. కదలని దానికి ఎద్దులెందుకు?" అన్నాను.

నర్సమ్మ జరిగిందంతా చెప్పింది. నాయన విన్నాడు, బ్యాటరీల పెట్టె ఎత్తి చూశాడు, మాడిన పసుపు గోటితో గీకాడు.

"బిడ్డా తల్లీ బతికిరి, మంచిదే. కానీ మాట మాటే గదా అమ్మణ్ణీ. దారిలో నిలిచిపోయె" అన్నాడు.

నాలుగు నెలలుగా ఈ బండి ఎన్ని మైళ్ళు పోతుందో దాన్ని బట్టి నేను ఎక్కడ బతకాలో తేల్చుకుంటూ వచ్చాం. నాయన తేల్చాడు సరే, నేనూ సిగ్గు లేకుండా తలూపాను. అది అప్పుడు, ఆ ఎండలో, కాలిన వేళ్ళతో నిలబడి ఉండగా నాకు తెలిసొచ్చింది.

"నిలిచిపోయింది బండి నాయనా, నేను గాదు. అమ్ముకుంటే అమ్ముకో. సీసమంతా కాటాకెత్తి ఇచ్చేయి. నేను మాత్రం యాడికీ పోను. రేపు నర్సమ్మను ఎవరైనా పిలిస్తే ఆమె సంచి మోసుకుని నడిచి పోతా" అన్నాను.

బావగారు శాలువా సర్దుకుని లేచి నిలబడ్డాడు. అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చేతి వేళ్ళనే చూస్తోంది. నాయన పెట్టె మూత మెల్లగా దించి, తుండుతో చేతులు తుడుచుకుని, లోపలికి పోయి డైనమో తిప్పాడు. తీగలు రెండూ తెచ్చి నా చేతికిచ్చాడు. అప్పుడు బావగారి వైపు తిరిగాడు.

"ఇంట్లో ఓళిగలు చేసుండారు. కాళ్ళు కడుక్కోండప్పా, భోంచేసి పోదురు. మూడు గంటలకు హొసకోటె బస్సు ఉండాది" అన్నాడు.

బావగారు నాలుగు ఓళిగలు తిని, ఒక్కడే బస్సెక్కి పోయాడు.